పిడికెడు బియ్యం పెట్టిన చేతులకు వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

పోయిన ఆదివారం బిషప్‌గారూ, ఆయనతో పాటు నిలబడిన గురువులందరూ నన్ను సంఘ గురువుగా, అంటే పాస్టరుగా, అభిషేకిస్తూ నా తల మీద చేతులుంచి ప్రార్థించారు. నేను తల వంచి మోకాళ్ల మీద ఉన్నాను కాబట్టి ఏ చెయ్యి ఎవరిదో తెలియలేదు, బరువు మాత్రం తెలిసింది. ఆ బరువు కింద నాకు గుర్తొచ్చినవి వేరే చేతులు. నాట్లు వేసి పగిలిన చేతులు, ఆటో హ్యాండిల్ పట్టిన చేతులు, రాత్రి రెండు గంటలకు సెలైన్ సీసా మార్చే చేతులు. అవి లేకపోతే నేను ఆ రోజు అక్కడ మోకరించేదాన్ని కాను. ఈ ఉత్తరం వారి కోసం. పేర్లు రాస్తే నొచ్చుకునేవారు వారిలో చాలామంది ఉన్నారు. అందుకని వరసలతోనే పిలుస్తాను, ఎవరి సంగతో వారికే తెలుస్తుంది.

నేను 11 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. దేవుడు నిన్ను ఎలా పిలిచాడని ఈ వారంలో చాలామంది అడిగారు. వెలుగు కనిపించలేదు, స్వరం వినిపించలేదు. ఒక రాత్రి డ్యూటీలో నాలుగో మంచం మీద ఒక పెద్దావిడ ఉంది. దిండు కింద కొత్త నిబంధన పెట్టుకుంది. కొడుకులు మందుల కోసం బయటకు వెళ్లారు. ఆయాసంతో మాట తెగిపోతుంటే, నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చెయ్యమంది. పొద్దున్నే పాస్టరు అయ్యగారిని పిలిపిస్తానమ్మా అన్నాను. "పొద్దుటిదాకా ఎవరుంటారు తల్లీ, నువ్వున్నావు కదా" అంది. మాస్కు సరిచేస్తూ నాకు వచ్చిన నాలుగు మాటలు పలికాను. తెల్లవారకముందే ఆవిడ వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ల పాటు ఆ మాట నన్ను వదల్లేదు. బస్సులో వినిపించేది, వంట చేస్తుంటే వినిపించేది. ఎవరికీ చెప్పలేదు. నాకు ఇద్దరు పిల్లలు, నెల జీతం మీద నడిచే ఇల్లు. అది దేవుని పిలుపు కాదు, రాత్రి డ్యూటీల అలసట అని నాకు నేనే నచ్చజెప్పుకునేదాన్ని.

ఇక్కడ మొదటి కృతజ్ఞత మా విశ్రాంత అయ్యగారికి. బైబిల్లో దేవుడు రాత్రివేళ బాలుడైన సమూయేలును పిలిచిన కథలో నా మనసు ఆ పిల్లవాడి కంటే యాజకుడు ఏలీ దగ్గరే ఎక్కువ ఆగుతుంది. పిల్లవాడు మూడుసార్లు లేచి ఏలీ దగ్గరికే పరుగెత్తాడు, పిలిచింది ఎవరో వాడికి తెలియదు. చూపు మందగించిన ఆ ముసలి యాజకుడే గ్రహించి, వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే ఇలా పలుకు అని నేర్పాడు. తెల్లవారితే ఆ పిల్లవాడి నోట రాబోయేది తన ఇంటి మీద తీర్పే. అది విన్నప్పుడు కూడా ఏలీ అడ్డు చెప్పలేదు. పిలుపు విన్నవారి గురించి మనం ఎన్నో ప్రసంగాలు చేస్తాం, దాన్ని గుర్తుపట్టిన వారి గురించి తక్కువ.

గురువు కావాలనిపిస్తోందని చివరికి చెబితే అయ్యగారు నన్ను మెచ్చుకోలేదు. మీ ఆయనకు చెప్పావా, అప్పులెన్ని ఉన్నాయి, జీతం ఎంత తగ్గుతుందో లెక్క వేసుకున్నావా అని అడిగారు. గుడిలో ముగ్గురే కూర్చున్న ఆదివారం కూడా ప్రసంగం సిద్ధం చేసుకుని వెళ్లగలవా అన్నారు. దేనికీ నా దగ్గర సరైన జవాబు లేదు. "సిలువ ధ్యానాల నలభై రోజులూ గడవనీ. అప్పటికీ ఇదే మాట మీద ఉంటే ఈస్టర్ సోమవారం రా" అని పంపేశారు. ఈస్టర్ సోమవారం వెళ్లాను. వరండాలో ఆయన కుర్చీ ఎదురుగా రెండో కుర్చీ ముందే వేసి ఉంది.

ఆ రోజు ఆయన నాకు అజరయ్య గారి సంగతి చెప్పారు. మా ఊరు డోర్నకల్‌కు దగ్గరే. 1939లో ప్రతిష్ఠించిన ఆ ఎపిఫనీ కెథడ్రల్ గోపురాలను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అజరయ్య గారి పేరు కూడా ఆ కట్టడంతోనే కలిసి నా మనసులో ఉండిపోయింది. ఆయన కూడా ఒక ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషని ఎప్పుడూ ఆలోచించలేదు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘంలో పెద్ద బాధ్యతలో ఉండి, 1909లో దాన్ని విడిచి, దాదాపు 35 ఏళ్ల వయసులో అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండ్ సంఘపు శాఖకు, తొలి భారతీయ బిషప్ అయ్యారు. "ఆయన భాష రాకుండా వచ్చి నేర్చుకున్నాడమ్మా. నీకు భాష ఉంది, ఊళ్లు తెలుసు, ఒంటి బాధ ఎలా ఉంటుందో తెలుసు. వయసు దాటిందని మాత్రం నా దగ్గర అనకు" అన్నారు అయ్యగారు. అప్పుడు నా వయసు 34.

మా సంఘ కమిటీలో గురువు చదువుకు నా పేరు చర్చకు వచ్చినప్పుడు ఒక పెద్దాయన, అయ్యగారి భార్యను అమ్మగారు అంటాం, మరి ఈ అమ్మాయిని ఏమని పిలవాలి అని అడిగారట. ఆయనకు అది నిజమైన చిక్కే, నేను తప్పు పట్టను. ఊళ్లో గురువంటే మగవాడు అన్న అలవాటు మనకు తరాల నాటిది. ఆంగ్లికన్లూ ఇంకొన్ని సంఘాలవాళ్లూ కలిసి మా దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఆ సంఘంలో ఒక మహిళ బిషప్ కావడానికి 2013 దాకా పట్టింది. నంద్యాలలో పుష్పలలిత గారు ఆ బాధ్యత తీసుకున్న రోజు నాకు గుర్తుంది, డ్యూటీ గదిలో పేపరు చదివి ఏడ్చాను. ఆ కమిటీకి బయట అరుగు మీద కూర్చున్న మా అత్తయ్య లోపలికి వెళ్లి, "ముందు అమ్మాయిని చదువుకు పంపండి. ఏమని పిలవాలో చదివి వచ్చాక చూసుకుందాం" అన్నదట. అత్తయ్యకు చదవడం రాదు. పిల్లలిద్దరినీ నాలుగేళ్లు చూసుకుంటానని ఆ సాయంత్రం నాతో ఒక్క మాట కూడా అనలేదు, మర్నాటి నుంచే చూసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఊళ్లో నన్ను పాస్టరమ్మ అంటున్నారు. ఆ పెద్దాయన కూడా అలాగే పిలుస్తున్నారు.

ఇంటర్వ్యూల రోజుల్లో నా డ్యూటీలు తాము చేసి, దరఖాస్తు ఖర్చులకు చీటీ డబ్బులు ముందే ఇప్పించిన నర్సు అక్కచెల్లెళ్లకు వందనాలు. మీ తలనొప్పి మాత్రలు ఇంకా నా సంచిలోనే ఉన్నాయి.

హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో నాలుగేళ్లు చదివాను. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత ఇక్కడికి తరలి వచ్చిన కాలేజీ అది. లూథరన్లు, బాప్టిస్టులు, మేము, ఇంకా ఇతర సంఘాలవాళ్లు ఒకే బల్ల మీద అన్నం తినే చోటు. నా కంటే పదేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చున్నాను. బైబిల్ మూల భాషల్లో గ్రీకు ఎలాగో గట్టెక్కింది, హెబ్రీ దగ్గర ఆగిపోయాను. కుడి నుంచి ఎడమకు చదవాలి, అచ్చుల గుర్తులు ఎక్కువగా అక్షరాల కింద చుక్కలు, గీతలుగా ఉంటాయి. తూర్పు గోదావరి నుంచి వచ్చిన ఒక తమ్ముడు రోజూ రాత్రి భోజనాల తర్వాత మెస్ బల్ల మీద నాకు పాఠం చెప్పాడు. "అక్కా, మన గుణింతం లాంటిదే, మనకు గుడి పైన వస్తుంది, వాళ్లకు చుక్క కింద వస్తుంది" అని మొదలుపెట్టాడు. 136వ కీర్తన తీసి, ప్రతి వచనం చివరా వచ్చే ఒకే మాటను 26 సార్లు నా చేత చదివించాడు. మన బైబిల్లో కృప అని ఉన్న ఆ మాట హెబ్రీలో హెసెద్. చివరి వచనం దగ్గరికి వచ్చేసరికి అక్షరాల వైపు చూడకుండానే పలికాను. ఆ తమ్ముడు ఇప్పుడు తన ఊళ్లో పరిచర్య చేస్తున్నాడు. నేను ఎప్పుడు హెబ్రీ పుస్తకం తెరిచినా, అంట్లు కడుగుతున్న చప్పుడుతో కలిసి వాడి గొంతే వినిపిస్తుంది.

రెండో ఏడాది నవంబరులో మా ఆయన ఆటో బోల్తా పడింది. కాలు రెండు చోట్ల విరిగింది, రాడ్డు వేశారు. ఆటో మీద నడిచే ఇల్లు ఆగిపోయింది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో వచ్చేటప్పుడే నిర్ణయించుకున్నాను, చదువు చాలు, మళ్లీ ఆసుపత్రిలో చేరాలని. హాస్టల్ గదిలో ఉన్న ట్రంకు పెట్టె తప్ప అన్నీ సర్దుకునే వచ్చాను. పిలుపును నేను తప్పుగా విన్నానేమో అని కూడా అనుకున్నాను. దేవుడు నిజంగా పంపితే ఇల్లు ఇలా కూలుతుందా అనిపించింది. మా కూడికల్లో అలాంటి మాట పైకి అనం కానీ, ఆ రాత్రి నేను అన్నాను.

మర్నాడు మా సంఘంలోని ఆడవాళ్ల కూటమి, స్త్రీల మైత్రి వాళ్లు వచ్చారు. మా వైపు సంఘాల్లో తరాల నాటి అలవాటు ఒకటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన ఉన్న కుండలో వేస్తుంది, ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తెస్తుంది. డబ్బు చేతిలో ఆడని ఇంట్లో కూడా ప్రభువుకు ఇవ్వగలిగినది అది. 31 ఇళ్ల ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుని, పూటకు ఇంకో పిడికెడు తీయాలని, ఆ రెండో పిడికెడు మా ఇంటికి రావాలని అప్పటికే తీర్మానించుకున్నారు. మా ఆయన మళ్లీ ఆటో ఎక్కేదాకా, అంటే ఏడు నెలలు, నెలకు దాదాపు 40 కిలోలు వచ్చాయి. రేషన్ బియ్యం తినే ఇంటివాళ్లు రేషన్ బియ్యమే తెచ్చారు, సన్నబియ్యం తినేవాళ్లు సన్నబియ్యం తెచ్చారు. అన్నీ ఒకే బస్తాలో కలిసేవి. వండితే కొన్ని మెతుకులు మెత్తబడేవి, కొన్ని పలుకుగానే ఉండేవి. అత్తయ్య ముందు రాత్రే నానబెట్టడం మొదలుపెట్టింది. మా చిన్నవాడు దాన్ని గుడి అన్నం అనేవాడు, మా చుట్టాల ఇంట్లో తెల్లగా ఒకే తీరుగా ఉన్న అన్నం పెడితే ఇది గుడి అన్నం కాదే అని అడిగాడు.

ఇంకొకరికి విడిగా చెప్పుకోవాలి. మా ఎదురింటి అన్న. ఆయన ఏనాడూ మా గుడికి రాలేదు, రావలసిన పనీ లేదు. మా ఆటోను బాగు చేయించి, తన కూలి పని అయ్యాక రోజూ సాయంత్రం నడిపి, వచ్చిన దాంట్లో సగం అత్తయ్య చేతిలో పెట్టేవాడు. ఇదేమిటన్నా అంటే, "ఆటో అద్దె అనుకో చెల్లెమ్మా" అన్నాడు. ఇంత అద్దె ఎవరూ ఇవ్వరని ఇద్దరికీ తెలుసు. అన్నా, అది అద్దె అని నేను ఏ రోజూ అనుకోలేదు.

తిరిగి కాలేజీకి వెళ్లిన వారంలోనే సంఘ చరిత్ర పాఠంలో 1910 నాటి ఎడిన్‌బరో మిషనరీ మహాసభ వచ్చింది. డోర్నకల్‌కు వచ్చిన మరుసటి ఏడాదే అజరయ్య గారు అక్కడ నిలబడి పాశ్చాత్య మిషనరీలతో మాట్లాడారు. మీరు బీదలకు ఆస్తులు పంచారు, మీ శరీరాలనే అర్పించారు, దానికి భారత సంఘం కృతజ్ఞతతో ఉంటుంది, కానీ మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఆ మాటకు సభలో కొందరు నొచ్చుకున్నారని కూడా పాఠంలో ఉంది. అధ్యాపకులు అది మిషన్ చరిత్రలో ఎంత ముఖ్యమో వివరిస్తున్నారు. నేను మాత్రం మా ఇంటి మూలన ఉన్న బస్తాను చూస్తున్నాను. ఒకరు ఇస్తే ఇంకొకరు తల వంచి తీసుకునే సాయం నాకు తెలుసు, ఆసుపత్రిలో రోజూ చూశాను. ఆ బస్తా అలాంటిది కాదు. తమ ఎసట్లోంచి తీసినవాళ్లు, తాము ఒక పిడికెడు తక్కువ తిన్నవాళ్లు, మా గడపలో కూర్చుని, ఆ అన్నమే మాతో కలిసి తిని వెళ్లారు.

మా ఆయన గురించి రాయవద్దన్నారు. ఒక్కటి రాస్తాను. చంక కర్ర మీద నిలబడి మా పెద్దమ్మాయికి రెండు జడలు వెయ్యడం నేర్చుకున్నారు. మొదట్లో వంకరగా వచ్చేవి, అమ్మాయి అలాగే బడికి వెళ్లేది. నాలుగో ఏడాది సెలవులకు వచ్చి నేను జడ వేస్తానంటే, నాన్నే వెయ్యాలంది.

వచ్చే ఆదివారం పొద్దున ఏడున్నరకు మా ఊరి గుడిలో మొదటిసారి ప్రభు భోజన సంస్కారం జరిపించడానికి ప్రభువు బల్ల దగ్గర నిలబడతాను. ఎదురింటి అన్నను భోజనానికి రమ్మన్నాను, వస్తానన్నాడు. అయ్యగారికి నడక కష్టంగా ఉంది, మా ఆయన ఆటోలో తీసుకొస్తారు. ముందు వరుస చివర ఆయన కోసం ఒక కుర్చీ వేయించాను.

స్త్రీల మైత్రి అక్కలకు ఇంకో మాట. పక్క ఊరి నుంచి ఒక అబ్బాయి ఈ జూన్‌లో కాలేజీకి వెళ్తున్నాడు. వాళ్ల నాన్న కౌలు రైతు, పోయిన ఏడాది మిర్చి పంట పోయింది. మా అత్తయ్య మొన్న సోమవారం నుంచే పొయ్యి పక్కన రెండో కుండ పెట్టింది. మీలో ఎవరు పెట్టినా ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి చెప్పండి, బస్తా నేనే తెస్తాను.