బుగ్గ మీద బొటనవేలి గుంట

ఒరేయ్ మావా,

నీ మెసేజ్‌కి జవాబివ్వడానికి మూడు వారాలు పట్టింది, తిట్టుకో. "సిడ్నీ వెళ్లి మట్టి పిసుకుతున్నావంట కదా" అని వెటకారంగా రాశావు చూడు, అది నిజమే. శనివారం శనివారం సెరామిక్స్ క్లాసుకి పోతున్నాను. డబ్బులు కట్టి మరీ మట్టి పిసకడమేంట్రా, మన పెరట్లో లేదా అని మా అమ్మ ఫోన్లో ఇంకా నవ్వుతూనే ఉంది.

దీనికంతటికీ కారణం రమేష్ మారియో నిత్యేంద్రన్ అనే ఒక ఆర్టిస్టు. కొన్నేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం ఎండ తట్టుకోలేక ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లోకి దూరాను, లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు కాబట్టి. గ్రీకు గుడిలా స్తంభాలు, బయట గోడల మీద మైకెలాంజెలో, రఫేల్ అంటూ పెద్ద పెద్ద అక్షరాలతో యూరప్ పేర్లు. గుమ్మం దాటానో లేదో, మన ఊరి పొలిమేర దేవతలంతా తప్పతాగి జాతరకి బయల్దేరినట్టు ఒక గుంపు ఎదురొచ్చింది. కొన్ని కంచువి, కొన్ని మట్టివి, మొత్తం 70 బొమ్మలు. కళ్లు మిటకరించి, పళ్లికిలించి, నాలుక బయట పెట్టి, తల మీద తల. పేరు 'అవతార్ టవర్స్', 2020లో చేశాడు. మనవాళ్ల ఇంట్లో అయితే పిల్లలు జడుసుకుంటారని వెంటనే అటక ఎక్కించేసేవాళ్లు.

అతను 1988లో కొలంబోలో పుట్టాడు, తమిళ మూలాలు. చిన్నప్పుడే ఇంటివాళ్లు శ్రీలంక అంతర్యుద్ధం నుంచి ఆస్ట్రేలియా వచ్చేశారు. హిందూ, క్రైస్తవ వారసత్వాలు రెండూ ఉన్నాయి, తను మాత్రం నాస్తికుడు. దేవుడి మీద నమ్మకం లేనివాడు ఇన్ని దేవుళ్లని చేయడమేంటో అని మొదట అనుకున్నాను కానీ, నమ్మకం లేదు కాబట్టే భయం లేకుండా చేస్తున్నాడేమో. అతని బొమ్మల్లో చాలావాటిని ఆడా మగా అని తేల్చలేం రా. ఒకే ఒంటికి పైన రొమ్ములు, కింద మగతనం, కొన్నింటికి పొట్ట మీద ఇంకో మొహం. శివలింగం, గుడి శిల్పం, కార్టూన్, తన సొంత మొహం అన్నీ కలిపేస్తాడు. క్వీర్, అంటే ఆడా మగా అనే మామూలు గీతల్లో ఇమడని, అనే మాటని బొమ్మ పక్కన చీటీ రాసి అంటించడు, ఆ ఒళ్లే చెప్పేస్తుంది.

నన్ను పట్టేసింది మాత్రం అది కూడా కాదు. ఒక బొమ్మ బుగ్గ మీద బొటనవేలు నొక్కిన గుంట అలాగే ఉంది. గోరు గీత కూడా కనిపిస్తోంది. దాని మీదుగా గులాబీ రంగు గ్లేజు, అంటే కాలిస్తే గాజులా మెరిసే పూత, కారి, గడ్డం దగ్గర బొట్టుగా గడ్డకట్టింది. తుడవలేదు, నున్నగా చేయలేదు.

ఎందుకంటే అతను చదివింది పెయింటింగే. కుండలు చేసేవాళ్ల పద్ధతిలో కాకుండా, పెయింటరు బ్రష్ విసిరినట్టు గ్లేజు వేస్తాడు. చెప్పినంత తేలిక కాదురోయ్, గ్లేజు పూసేటప్పుడు ఒక రంగు, కొలిమిలోంచి బయటికొచ్చాక ఇంకో రంగు. మా క్లాసులో నేను సుద్దలాంటి లేత ఊదా పూస్తే ముదురు నీలం వచ్చింది. బంగారు లస్టర్ అనే మెరుపు పూత అయితే పూసినప్పుడు గోధుమ రంగులో కంపు కొడుతూ ఉంటుంది, మళ్లీ ఇంకోసారి తక్కువ వేడిలో కాలిస్తే గానీ మెరవదు. అంటే కంటికి కనిపించని బొమ్మకి రంగులు వేస్తున్నట్టే. 2015లో ఆస్ట్రేలియాలో సెరామిక్స్‌కి పెద్ద బహుమతి, సిడ్నీ మైయర్ ఫండ్ అవార్డు, ఇతనికే వచ్చింది, అప్పటికి ముప్పై కూడా లేవు. మరుసటేడు కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీలో 'మడ్ మెన్' అని షో.

నీకు భూపేన్ ఖక్కర్ గురించి ఒకసారి చెప్పాను కదా, బరోడాలో అకౌంటెంటు పని చేస్తూ బొమ్మలు వేసిన పెయింటరు? తండ్రీ కొడుకూ గాడిదా కథని 1981లో బొమ్మగా వేసి, దాన్ని మేడ మీంచి చూస్తూ బట్టల్లేకుండా నిలబడ్డ మనిషిని పెట్టాడే, ఆయనే. ఆయనా చివర్లో సెరామిక్స్ చేశాడు. కానీ ఖక్కర్ బొమ్మలో మనిషి మేడ మీంచి దొంగచూపుగా చూస్తాడు, ఇక్కడ వీళ్లు గుమ్మంలోనే నిలబడి మనల్ని చూస్తున్నారు. నాకు మొదటి దానితోనే చుట్టరికం ఎక్కువ, అది వేరే సంగతి.

పుష్కర ఘాట్ మెట్ల మీద నీకు నా సంగతి చెప్పిన రోజు గుర్తుందా? నువ్వు రెండు నిమిషాలు నీళ్లకేసి చూసి "సరే, టీ తాగుదామా" అన్నావు. ఆ టీకి డబ్బులు నేనే ఇచ్చాను, అది కూడా గుర్తుంది. దానికి ముందు పదేళ్లు నేను చేసిందల్లా నడక సరిచేసుకోవడం, చేతులు తిప్పకుండా మాట్లాడటం, గొంతు బరువుగా పెట్టడం. ఇక్కడ క్లాసులో మొదటి నెలంతా అదే చేశాను. తడి స్పాంజి పట్టుకుని వేలిముద్ర కనిపిస్తే చాలు తుడవడం. టీచర్ చూసి చూసి నా స్పాంజి తీసుకెళ్లి తన సొరుగులో పెట్టేసుకుంది.

మొదట చేసిన వినాయకుడి గతి కూడా విను. బొజ్జ లోపల డొల్ల చేయలేదు, పైకి ఆరినట్టే ఉంది కానీ లోపల తడి. కొలిమిలో ఆవిరి పట్టి పేలిపోయాడు. పోతూ పోతూ పక్కన ఎవరిదో గిన్నెని కూడా తీసుకుపోయాడు. ఆవిడకి సారీ చెప్పి కేక్ కొనిచ్చాను.

ఇప్పుడు ఇంకోటి చేస్తున్నాను. ప్లాస్టిక్ కవరు కింద ఆరుతోంది. తొండం ఉంది, వడ్డాణం ఉంది, చీరా పంచా కానిదేదో కట్టాడు, లేదా కట్టింది. వేలిముద్రలు ఎక్కడివక్కడే. కళ్లకి మాత్రం చిన్నప్పుడు మనం పెట్టినట్టు గురివింద గింజలే కావాలనిపిస్తోంది, కానీ పోస్టులో పంపేవు సుమా, ఇక్కడ ఎయిర్‌పోర్టులో విత్తనాలు కనిపిస్తే వదలరు. మీ కంచె మీద తీగ ఇంకా ఉంటే మంచి వెలుగులో దగ్గరగా ఒక ఫోటో తీసి పంపు. ఆ ఎరుపు ఏ గ్లేజుతో వస్తుందో చూడాలి.