ఓడ మీద దొరికింది రామన్ ఎఫెక్ట్ కాదు

సంపాదకులకు,

ఫిబ్రవరి 28న మీరు వేసిన సైన్స్ దినోత్సవం పేజీకి సవరణ వస్తుందేమోనని వారం ఆగాను. రాలేదు. 'ఓడలో పుట్టిన రామన్ ఎఫెక్ట్' అట! రామన్ ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చిన ఓడ ప్రయాణం 1921. రామన్ ఎఫెక్ట్, అంటే పదార్థంలో చెదిరిన కాంతిలో కొంత రంగు మార్చుకోవడం, దొరికింది 1928లో, కలకత్తా బౌబజార్ ప్రయోగశాలలో, శిష్యుడు కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి. మధ్యలో ఏడేళ్లని మీ డెస్కులో ఎవరు మింగారో!

ఓడ మీద జరిగింది వేరు. సముద్రపు నీలం ఆకాశం ప్రతిబింబమేనన్న బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ మాట నిజమా కాదా అని రామన్ చూశారు. వాడింది నికల్ పట్టకం, అంటే కెనడా బాల్సమ్ అనే జిగురుతో అతికించిన రెండు కాల్సైట్ స్ఫటికం ముక్కలు; ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే అది పోనిస్తుంది. నీటి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.33. అందుకని నిలువు గీతకి సుమారు 53 డిగ్రీల వాలులో చూస్తే, నీటి పైపొర నుంచి పరావర్తనమయ్యే కాంతి ధ్రువణం చెంది, అంటే అడ్డంగా ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. పట్టకాన్ని మెల్లగా తిప్పితే ఒకచోట ఆ మెరుపు ఆరిపోతుంది. రేలీ చెప్పిందే నిజమైతే నీలమూ దాంతోపాటే పోవాలి. పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. నీటి లోపలి నుంచి వస్తున్న రంగు అది. అలలుంటే కోణం నిలవదు కాబట్టి నునుపుగా ఉన్న నీటిని ఎంచుకోవాలి. నీరు ఎరుపుని పీల్చుకోవడమే నీలానికి పెద్ద కారణమని ఇప్పటి పాఠం. మీ పేజీలో అదీ లేదు.

ఓడ, ఎస్.ఎస్. నార్కుండా, బొంబాయి రేవులో ఉండగానే సెప్టెంబర్ 26 తేదీతో 'నేచర్' సైన్స్ పత్రికకి ఉత్తరం రాశారు రామన్. నవంబర్ 17 సంచికలో అచ్చయింది. సముద్రాలు దాటి అచ్చులోకి రావడానికి 52 రోజులు. ఈమెయిల్ చేతిలో ఉన్న మీరెన్నాళ్లు తీసుకుంటారో చూడాలి.

ఇక విద్యాశాఖ సంగతి. పైనుంచి సర్క్యులర్ దిగగానే బడుల్లో ర్యాలీ, ఫ్లెక్సీ, ఫొటోకి దండ, ఒక క్విజ్. 'కీ' ఏమో ఇలాంటి పేజీల్లోంచే దించుతారు. 1928 అని సరిగ్గా రాసిన పిల్లకి సున్నా! రామన్ చిన్నప్పుడు చదువుకున్న ఊరు విశాఖపట్నం. సముద్రం పక్కనే ఉంది. ఆ పట్టకంలాగే పనిచేసే పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుని నీటిని చూస్తే మెరుపు తగ్గుతుంది, తల పక్కకి వంచితే తిరిగొస్తుంది. ఒడ్డున ఇసుక కలిసిన నీటిలో నీలం దొరకదు గానీ మెరుపు ఆరడం పిల్లలకి స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్లెక్సీ డబ్బుల్లో ఎన్ని కళ్లద్దాలు వస్తాయో లెక్క వేసే అధికారి ఒక్కడూ లేడు.

సవరణ వేస్తే మొదటి పేజీలో వేయమనను. కనీసం తద్దినాల ప్రకటనల కింద దాచకండి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం