రిట్రీవర్ల పరీక్ష రోజు: జమా ఖర్చుల వివరణ

జూలైలో ఇంగ్లండులోని మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఒక ఎస్టేటులో మా గన్‌డాగ్ (వేటకుక్కల) క్లబ్బు జరిపిన రిట్రీవర్ల పరీక్షకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ వివరిస్తున్నాం. దీని ఇంగ్లీషు కాపీ సభ్యులందరికీ ఇప్పటికే అందింది. ఆ రోజు వంటల బల్లను మన తెలుగు కుటుంబాలే నడిపాయి. సొంత సరుకులతో, తెల్లవారుజామున లేచి వండి తెచ్చినవారికి తెలుగులోనే లెక్క అప్పగించడం న్యాయమని కమిటీ భావించింది. కోశాధికారిగా ఆ బాధ్యత నాది.

వచ్చినవారిలో చాలామందికి ఈ పోటీ కొత్త కాబట్టి రెండు మాటలు. తుపాకీ దెబ్బకు పడిన పిట్టను పంటిగాటు పడకుండా ఏరి తెచ్చి యజమాని చేతిలో పెట్టడం రిట్రీవర్ల పని. మన పరీక్షలో ఏ పిట్టనూ చంపరు. పిట్టకు బదులు దాదాపు 450 గ్రాముల కాన్వాస్ డమ్మీని విసురుతారు, ఉత్తుత్తి తూటా పేలుస్తారు. ఆ మోతకు కుక్క కదలకుండా కూర్చోవాలి. చెప్పకముందే పరుగెత్తినా, గట్టిగా మూలిగినా ఆ అంశంలో మార్కులు పోయినట్టే. ఒక్కో అంశానికి 20 మార్కులు. పప్పీ (పిల్లకుక్కలు), నోవిస్ (కొత్తవి), ఓపెన్ (అన్నిటికీ) తరగతులు మూడింటిలో కలిపి ఈసారి 54 కుక్కలు పాల్గొన్నాయి. ఎక్కువగా లాబ్రడార్లు, గోల్డెన్లు.

ఈ కార్యక్రమం లాభం ఎయిర్ అంబులెన్స్‌కు. ఇంగ్లండులో రోడ్డు ప్రమాదాల చోటికి డాక్టర్లను తీసుకెళ్లే ఆ హెలికాప్టర్లను నడిపేది స్వచ్ఛంద సంస్థలే. అవి ప్రధానంగా జనం ఇచ్చే విరాళాల మీదే ఎగురుతున్నాయి. ప్రభుత్వం నడుపుతోందని అనుకునేవారు ఇక్కడ పుట్టినవారిలో కూడా ఉన్నారు. విరాళం డబ్బాలో నోటు వేస్తూ ఒక పెద్దావిడ నన్ను ఆపి, "బాబూ, ఇది హెలికాప్టరుకే వెళుతుందా, మీ ఖర్చులకా?" అని అడిగారు. హెలికాప్టరుకే అని చెప్పాను. ఆ మాట నిలబడిందని చూపడానికే ఈ వివరణంతా. మొదటి సమావేశంలోనే ఒక నియమం పెట్టుకున్నాం: ప్రవేశ రుసుముతో ఖర్చులు గడవాలి, విరాళాల్లోంచి ఒక్క పెన్నీ ఖర్చుకు తీయకూడదు.

ప్రవేశ రుసుము కుక్కకు 16 పౌండ్లు. 58 పేర్లు వచ్చాయి. ఎదకు వచ్చిన ఆడకుక్కలను మైదానంలోకి రానివ్వం, అందుకని రెండింటి రుసుము తిరిగి ఇచ్చాం. మరో రెండు కుక్కల యజమానులు రాలేదు, వారి రుసుము నిబంధన ప్రకారం ఉంచుకున్నాం. నికర జమ 896 పౌండ్లు.

ఖర్చు 1,049 పౌండ్లు. తాత్కాలిక మరుగుదొడ్లకు 190, ప్రథమ చికిత్స సిబ్బందికి 95, రోజెట్లకు (గెలిచినవారికిచ్చే రిబ్బన్ పూలు), కప్పుల మీద పేర్లు చెక్కించడానికి 118, తూటాలకు 64, కొత్త డమ్మీలకు 96, ముద్రణకు 41. న్యాయనిర్ణేతలు ఆరుగురూ ఉచితంగానే వచ్చారు. ముగ్గురు పెట్రోలు డబ్బు కూడా వద్దన్నారు, మిగిలిన ముగ్గురికి 105 ఇచ్చాం. ఆరుగురికీ చిన్న కానుకలకు 90 అయింది. సహాయకుల భోజనానికి 130 పౌండ్లు. అవి వంటల బల్ల ఖాయం కాకముందే చెప్పి ఉంచిన శాండ్‌విచ్‌లు. ఎస్టేటు యజమాని మైదానానికి అద్దె తీసుకోలేదు, పశువైద్యురాలు రోజంతా ఉచితంగా ఉన్నారు.

మిగిలిన 120 పౌండ్లు చెరువు అద్దె. దీని మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. పోటీకి రెండు రోజుల ముందు ఎస్టేటు చెరువు నీళ్లు రంగు మారాయని కబురు వచ్చింది. వెళ్లి చూస్తే ఒడ్డు వెంట పచ్చరంగు పెయింటు ఒలకబోసినట్టుంది. ఎండలకు పెరిగే నీలి ఆకుపచ్చ నాచు అది. కొన్ని రకాల్లో విషం ఉంటుంది, ఆ నీళ్లు తాగిన కుక్క గంటల్లోనే చనిపోవచ్చు, దానికి విరుగుడు మందు లేదు. కుక్క ఈదుకెళ్లి డమ్మీ తెచ్చే నీటి అంశం ఎత్తేయాలా, వేరే చెరువు చూడాలా అని ఆ సాయంత్రమే తేల్చుకోవలసి వచ్చింది. పక్క ఊళ్లో ఒక రైతు శిక్షణ కోసం అద్దెకిచ్చే చెరువు దొరికింది. ఆ ఖర్చు సరైనదేనని నా గట్టి నమ్మకం.

ఓపెన్ తరగతిలో ఒక ముసలి పసుపు లాబ్రడారును చూసినవారికి కారణం చెప్పనక్కర్లేదు. డమ్మీ అవతలి ఒడ్డున రెల్లులో పడింది. ఈదుతూ అది ఎడమకు జరిగిపోతుంటే యజమాని ఒక్క పొడుగాటి ఈల వేశాడు. నీళ్ల మీద తల మాత్రమే కనిపిస్తూ వెనక్కి తిరిగి చూసింది. ఆయన కుడి చేయి చాచాడు, అది కుడివైపు తిరిగి నేరుగా డమ్మీ దగ్గరికి వెళ్లింది. ఒడ్డెక్కాక ఒళ్లు విదిలించుకోవడానికి కూడా ఆగలేదు. డమ్మీని ఆయన చేతిలో పెట్టాకే విదిలించుకుంది.

ఖర్చు రుసుమును మించి లోటు 153 పౌండ్లకు చేరింది. డమ్మీలు ఏళ్ల తరబడి వాడే క్లబ్బు ఆస్తి కాబట్టి ఆ 96 క్లబ్బు నిల్వ నుంచి వేశాం. తక్కిన 57 పౌండ్లను కమిటీ సభ్యులం ఆరుగురం తలా తొమ్మిదిన్నర వేసుకుని పూడ్చాం.

ఇక విరాళాల వైపు. ఇడ్లీ, పులిహోర, మిరపకాయ బజ్జీలు, టీ అమ్మిన వంటల బల్ల నుంచి 412.50 పౌండ్లు. విరాళం డబ్బాల్లో 268.40. ఒక శిక్షకుడు వేలానికి ఇచ్చిన ఒక రోజు పాఠానికి 150. లక్కీ డ్రా నుంచి 335. బహుమతులన్నీ దాతలిచ్చినవే. చట్టం ఇలాంటి డ్రాలో 100 పౌండ్ల వరకు ఖర్చు మినహాయించుకోనిస్తుంది, మేం ఏమీ మినహాయించలేదు. అయితే చించిన టికెట్లు 347. టికెట్టు పౌండు చొప్పున 12 పౌండ్లు తక్కువ వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. బల్ల దగ్గరున్నవారు తమ జేబులోంచి ఇస్తామన్నారు, ఒప్పుకోలేదు. రద్దీలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, కాని లెక్కలో ఉన్నది ఉన్నట్టే కనిపించాలి. వచ్చే ఏడాది డ్రా డబ్బా దగ్గర ఇద్దరిని కూర్చోబెడతాం.

ఈ నాలుగూ కలిపి 1,165.90 పౌండ్లు సంస్థ ఖాతాకు పంపాం. ఆన్‌లైన్‌లో నేరుగా సంస్థకే ఇచ్చినవారి మొత్తం 640. అందులో 520 పౌండ్లకు దాతలు గిఫ్ట్ ఎయిడ్ (దాత కట్టిన పన్నులోంచి ప్రభుత్వం సంస్థకు అదనంగా ఇచ్చే పథకం) అంగీకారం తెలిపారు కాబట్టి, పౌండుకు 25 పెన్నీల చొప్పున మరో 130 ప్రభుత్వం నుంచి సంస్థకు చేరుతుంది. వంటల బల్ల డబ్బుకు అది ఎందుకు రాదని కొందరు అడిగారు. ఇడ్లీ కొన్న డబ్బు చట్టం దృష్టిలో దానం కాదు, కొనుగోలే. ప్రవేశ రుసుముకు, డ్రా టికెట్లకు కూడా అంతే. గిఫ్ట్ ఎయిడ్ కాకుండా ఆ రోజు పేరున సంస్థకు చేరింది 1,805.90 పౌండ్లు.

రశీదులు, చించిన టికెట్ల కట్టలు, సంస్థ పంపిన రశీదు నా దగ్గర ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. పులిహోర తెచ్చిన పెద్ద స్టీలు గిన్నె ఒకటి కూడా మా ఇంట్లోనే ఉంది. అడుగున కొట్టించిన పేరు అరిగిపోయి చదవడానికి రావడం లేదు. ఎవరిదో వారు చెబితే తెచ్చి ఇస్తాను.