బొంగరం రేటు పెరిగింది, పది రూపాయల కాయిన్ ఏదైనా తీసుకుంటాం

అందరికీ నమస్కారం. ముందు చేదు మాట చెప్పేస్తాను. ఈ వారం నుంచి తాడు బొంగరం 45 కాదు, 60 రూపాయలు.

రేటు సంగతి తర్వాత. వేసవి సెలవుల్లో మా కొట్లో బొంగరాలు కొన్నవాళ్ళలో చాలామందికి అవి తిరగలేదు. తప్పు నాదే. ఏటికొప్పాక నుంచి రావాల్సిన సరుకు ఆలస్యమైంది. సెలవులు అయిపోతాయన్న కంగారులో ఒక హోల్‌సేల్ కొట్టు నుంచి రెండొందల బొంగరాలు తెచ్చేశాను. రంగులు మెరిసిపోతున్నాయి గానీ, మేకు నడిమధ్యన లేదు. మేకు కాస్త పక్కకి పోయిందంటే చాలు, బొంగరం తూలుకుంటూ వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది. ఒక్కటి తిప్పి చూసుంటే నాకే తెలిసేది. చూడలేదు. మర్రిపాలెం నుంచి ఒక తాతగారు మనవణ్ణి వెంటబెట్టుకొచ్చి, "ఇది బొంగరం కాదమ్మా, మామిడి టెంక" అని దాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మాట పడాల్సిందే, ఎందుకంటే బొంగరం నాకు తెలియని వస్తువు కాదు. కంచరపాలెంలో పెరిగాను. ఆదివారం నాన్న అన్నయ్యకి అర్ధరూపాయి, నాకు పావలా ఇచ్చేవారు. ఈ తేడా ఎందుకని అడిగితే "వాడు పెద్దోడు" అనేవారు. ఏడాదిన్నర పెద్ద! పావలాతో జీళ్ళు కొనుక్కుని, అవి పళ్ళకి అంటుకుని సాయంత్రం దాకా నాలికతో గీక్కుంటూ తిరిగేదాన్ని. బొంగరం అడిగితే నాన్నమ్మ "ఆడపిల్లకి బొంగరమేటే, పిక్కలాడుకో" అనేది. చింతపిక్కలూ ఆడాను, తొక్కుడుబిళ్ళా ఆడాను. కన్ను మాత్రం మగపిల్లలు గీసిన గిరి మీదే ఉండేది. ఓడినోడి బొంగరాన్ని గిరి మధ్యలో పెట్టి మిగతావాళ్ళు మేకులతో పొడిచేవారు. అన్నయ్య బొంగరం నెత్తిన ఎన్ని గాట్లో!

నాలుగు ఆదివారాలు జీళ్ళు మానేసి రూపాయి పెట్టి ఒకటి కొన్నాను. మేకు దగ్గర తాడు బిగించి, పైకి వరుస తప్పకుండా చుట్టి, కొసకి వేసిన ముడి వేళ్ళ సందున పట్టుకోవాలి. అందరూ విసరడమే నేర్చుకుంటారు. కిటుకంతా విసిరిన మరుక్షణం తాడు వెనక్కి లాగడంలో ఉంది. అది నా చేతికి వచ్చేసరికి దసరా సెలవులు అయిపోయాయి.

ఇప్పుడు రేటు సంగతి. మళ్ళీ ఏటికొప్పాక సరుకే తెస్తున్నాను. అక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే నునుపు వస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అయితే అంకుడు కర్ర ఇదివరకంత తేలిగ్గా దొరకట్లేదు, పనిచేసేవాళ్ళకి కూలీ గిట్టాలి. వాళ్ళ దగ్గర బేరమాడి 45కే అమ్మొచ్చు. ఆడను.

పది రూపాయల డబ్బా మాత్రం అలాగే ఉంటుంది. గోళీలు, రబ్బరు బంతి, గాలిపటం, ఏది తీసుకున్నా పదే. బంతి మీద నాకేమీ మిగలదు, అయినా సరే. మా పావలా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. ఇప్పటి పిల్లల పది రూపాయల కాయిన్ చెల్లుతున్నా కొన్ని కొట్లలో వద్దంటున్నారు. అప్పటికి వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది. మా దగ్గర ఏ కాయిన్ అయినా తీసుకుంటాం. చిల్లర కొరత మాకే ఎక్కువ, తెచ్చి ఇస్తే సంతోషం.

వేసవిలో కొన్న బొంగరం తిరక్కపోతే పట్టుకురండి. బిల్లు అక్కర్లేదు, రంగు పోయినా పర్లేదు. కొత్తది ఇస్తాను, తేడా డబ్బులు అడగను. కొత్త సరుకు శుక్రవారం దిగుతుంది. ఈసారి ప్రతిదీ కొట్టు ముందు తిప్పి చూసాకే లోపల పెడతాను. గచ్చు మీద గాట్లు పడుతున్నాయని ఓనరుగారు ఇప్పటికే ఒకసారి కేకలేశారు. అందుకని కింద ప్లైవుడ్ చెక్క వేశాను.