ల్యాప్‌టాప్‌లో ఏ ప్రాసెసర్ పడితే అది వేయలేం

ఎడిటర్ గారికి,

ఒంగోలులో ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తుంటాను. పాత గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చి ‘అన్నా, ఐ7 (ఇంటెల్ వేగమైన ప్రాసెసర్) వేసెయ్’ అనే కాలేజీ పిల్లలు ఎక్కువయ్యారు. ఇంటెల్ 5వ తరం నుంచి దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. అయినా అడ్వాన్సు పట్టే షాపులున్నాయి!

4వ తరంలో పేరు చివర ఎం, ఎంక్యూ ఉన్నవి సాకెట్‌లోంచి ఊడివస్తాయి. అక్కడా చూడాల్సింది వాట్లు, అంటే అది పుట్టించే వేడి. ఐ5-4200ఎం 37 వాట్లది. దాని బదులు 47 వాట్ల ఐ7-4700ఎంక్యూ పెడితే చిన్న ఫ్యాన్, సన్నటి రాగి గొట్టం ఆ వేడిని లాగలేవు. ఆట మధ్యలో వంద డిగ్రీల దగ్గరికెళ్లి ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. 37 వాట్లలోనే ఐ7-4702ఎంక్యూ ఉంది, నాలుగు కోర్లు. బయోస్ (ల్యాప్‌టాప్‌ను స్టార్ట్ చేసే బోర్డులోని సాఫ్ట్‌వేర్) ఒప్పుకుంటే అదే మేలు.

చాలాసార్లు అదీ అక్కర్లేదు, లోపల శుభ్రం చేస్తే చాలు. మొన్న ఒకటి విప్పితే ఫ్యాన్ దారంతా దుమ్ము, వేడి లాగడానికి ప్రాసెసర్ మీద పూసే పేస్టు సుద్దలా రాలింది. రోహిణీ కార్తెలో పరుపు మీద పెట్టి ఆడితే ఇంకేముంది!

ప్రాసెసర్ మార్చేముందు దాని పూర్తి నంబరు, వాట్లు బిల్లులో రాసివ్వాలని షాపులకు నియమం పెడితే బాగుంటుంది.

— ఒక మెకానిక్, ఒంగోలు