మనుషులకు జ్వరం వచ్చేదాకా ఆగడం ఎందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. దోమల కాలం వస్తే చాలు, ఎన్ని జ్వరం కేసులు, ఎంతమంది పోయారు అనే లెక్కే పేపర్లలో కనిపిస్తుంది. డెంగ్యూకి అది సరే, అది ఎక్కువగా మనిషికీ దోమకీ మధ్యే తిరుగుతుంది. కానీ దోమలతోనే వచ్చే వెస్ట్ నైల్, జపనీస్ మెదడువాపు, రిఫ్ట్ వ్యాలీ జ్వరం అలాంటివి కావు, ముందు పక్షుల్లోనో పందుల్లోనో గొర్రెల్లోనో పెరిగి తర్వాత మన మీదికి వస్తాయి. ఆ జీవాల లెక్క మాత్రం ఎవరూ అడగరు, నా బాధంతా అదే.

1999లో న్యూయార్క్‌లో ఏం జరిగిందో చూడండి. వేసవిలో కాకులు వరసగా రాలిపోయాయి. ఆగస్టులో మనుషులకు మెదడువాపు మొదలైతే దోమలతోనే వచ్చే ఇంకో మెదడువాపు వైరస్, సెయింట్ లూయిస్ వైరస్ అని ప్రకటించేశారు. అక్కడి బ్రాంక్స్ జూలో పాథాలజిస్ట్‌గా, అంటే జంతువులు ఏ జబ్బుతో చనిపోయాయో తేల్చే డాక్టరుగా ఉన్న ట్రేసీ మెక్‌నమారా ఒప్పుకోలేదు. ఆ వైరస్ పక్షుల్ని చంపదు కదా, మరి నా ఫ్లెమింగోలు ఎందుకు చస్తున్నాయి అన్నది ఆమె సందేహం. బర్డ్ ఫ్లూ అందామంటే, అది ముందు కోళ్లనే చంపాలి, కానీ అదే జూలో కోళ్లు బాగానే ఉన్నాయి. చివరికి సెప్టెంబర్ నెలాఖరుకి గానీ అది వెస్ట్ నైల్ అని తేలలేదు. 7 మంది చనిపోయారు. కాకుల్ని చూసేవాళ్లూ రోగుల్ని చూసేవాళ్లూ మొదట్లోనే మాట్లాడుకుని ఉంటే ఎన్ని రోజులు కలిసొచ్చేవో!

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. ఫ్లోరిడాలో ఏళ్లుగా కోళ్లను ఆరుబయట బోనుల్లో పెట్టి, అప్పుడప్పుడూ రెక్క దగ్గర సూదితో కాస్త రక్తం తీసి చూస్తారు. వెస్ట్ నైల్ సోకినా కోడికి జబ్బు చేయదు, దాని నుంచి దోమకు అంటేంత వైరస్ కూడా రక్తంలో ఉండదు, కానీ వైరస్ మీద పోరాడటానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు కనబడతాయి. అంటే ఆ చుట్టుపక్కల వైరస్ తిరుగుతోందన్నమాట, ఇక దోమల్ని చంపే పనిలో పడొచ్చు.

పశువులు పెంచేవాళ్ల మాటకి కూడా విలువ ఇవ్వాలి. వానలు బాగా పడ్డాక చూడి గొర్రెలు ఒకదాని వెంట ఒకటి ఈసుకుపోతుంటే, అంటే కడుపు పోతుంటే, ఆఫ్రికాలో ముందు అనుమానించేది రిఫ్ట్ వ్యాలీనే. 2022లో ఆస్ట్రేలియా దక్షిణ రాష్ట్రాల్లో జపనీస్ మెదడువాపు వైరస్ ఉందని బయటపడింది పందుల ఫారాల్లోనే, పంది పిల్లలు చచ్చి పుడుతుంటే. ఇది చెప్పగానే పందుల్ని చంపేయండి, కొంగల్ని తరిమేయండి అనేవాళ్లుంటారు. దయచేసి ఆ మాట అనొద్దు, అవి లేకపోతే మనకు ముందుగా తెలిసే దారే మూసుకుపోతుంది.

మీ పత్రికను కోరేది ఒకటే. జ్వరాల లెక్క వేసే చోటే చచ్చిన పక్షులు, ఈసుకుపోయిన గొర్రెలు, జబ్బుపడ్డ గుర్రాల లెక్క కూడా అడిగి వేయండి. పశువైద్య శాఖ దగ్గర ఉన్న సమాచారం ఆరోగ్య శాఖకి ఎన్నాళ్లకి చేరుతోందో కూడా అడగండి. పాఠకులకు కూడా చెప్పండి, ఒకే చోట పక్షులు చచ్చి కనిపిస్తే ఉత్త చేత్తో ముట్టుకోకుండా, చోటూ తేదీ రాసుకుని అదే రోజు పశువైద్యుడికి ఫోన్ చేయమని.

ఇట్లు,
మీ పాఠకుడు