స్టార్లు లెక్కపెడితే రివ్యూ అయిపోతుందా?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో 'చాన్నాళ్లకు తిరిగొచ్చి నిరాశపరిచిన ఆల్బమ్‌లు' అని ఒక బాక్సు వేశారు. అందులో జస్టిస్ అనే ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత జంట ఎనిమిదేళ్లు ఆగి 2024 ఏప్రిల్‌లో తెచ్చిన 'హైపర్‌డ్రామా'ను కూడా చేర్చి, అంచనాలు అందుకోలేదు, విదేశీ పత్రికలు ఇన్ని స్టార్లే ఇచ్చాయి అని మూడు ముక్కల్లో తేల్చేశారు. రాసినవాళ్లు ఆ ఆల్బమ్ విన్నట్టు మాత్రం ఎక్కడా కనపడలేదు. ఏ పాట బాగుంది, ఏది తేలిపోయింది, అసలు అందులో ఏం వినపడుతుంది, ఒక్క మాట లేదు. నెల్లూరు, ప్రకాశం ఎడిషన్లలో ఈ పేరు తెలిసినవాళ్లు ఎవరుంటార్లే అనుకున్నారేమో, ఉన్నాం సార్, కావలిలోనూ ఉన్నాం, ఒంగోలులోనూ ఉన్నాం, హాస్టల్ గదుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్లం కాబట్టి మీకు కనపడం అంతే.

ఆ ఆల్బమ్ మీద రెండు రకాల మాటలు వచ్చిన సంగతి నిజమే. నాకూ అందులో అన్నీ నచ్చలేదు. 2007లో వాళ్ల మొదటి ఆల్బమ్‌కు పేరు బదులు శిలువ గుర్తు వేసుకుని వచ్చినప్పుడు స్పీకర్ చిరిగిపోయిందేమో అనిపించే గరుకు శబ్దం ఉండేది, ఆ గరుకుతనం కోసం ఎదురుచూసినవాళ్లకు ఇప్పుడు గెస్ట్ సింగర్లతో చేసిన పాటలు మరీ నున్నగా అనిపించాయి. అమెరికన్ గాయకుడు మిగెల్ పాడిన 'సాటర్నైన్' నాకైతే రెండోసారి వినబుద్ధి కాలేదు. కానీ 'జెనరేటర్' వినండి. పాత రేవ్ పార్టీల మోటు శబ్దాన్నీ డిస్కోనీ ఒకే పాటలో పక్కపక్కన నిలబెట్టి, ఒకదాని మీదికి ఇంకోదాన్ని తోసినట్టు ఉంటుంది. టేమ్ ఇంపాలా అనే ఆస్ట్రేలియా సంగీతకారుడితో చేసిన 'నెవరెండర్'కు 2025లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది. గ్రామీ వచ్చిందని గొప్ప పాట అనను, మీ బాక్సు ఆ సంగతైనా చెప్పలేదు అంటున్నా.

ఎదురుచూపు ఎంత పొడుగైతే మొదటి తీర్పు అంత తొందరగా వస్తుంది, అంత తప్పుగానూ వస్తుంది. దీనికి డాఫ్ట్ పంక్ అనే ఇంకో ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ జంట కథ చాలు. 'డిస్కవరీ' ఆల్బమ్ తర్వాత నాలుగేళ్లకు, 2005లో, వాళ్లు 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్' తెస్తే ఒకే ముక్కను తిప్పి తిప్పి కొట్టారని, వారాల్లో చుట్టేశారని చాలామంది పెదవి విరిచారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో కోచెల్లా అనే సంగీతోత్సవం వేదిక మీద పిరమిడ్ ఆకారంలో కట్టిన సెట్ లోపల నిలబడి అవే ముక్కలను తమ పాత పాటలతో కలిపి వాయించారు. జనం ఊగిపోయారు. ఆ టూర్ లైవ్ రికార్డింగ్ 'అలైవ్ 2007'కు తర్వాత గ్రామీ వచ్చింది. ముక్కలు అవే, కానీ పెద్ద స్పీకర్ల ముందు వేలమంది మధ్య విన్నప్పుడు వేరే సంగీతం అయిపోయాయి. ఇక 2013లో 'రాండమ్ యాక్సెస్ మెమరీస్' వచ్చినప్పుడు, రోబో మాస్కులు పెట్టుకుని అసలు మనుషులతో డ్రమ్స్ వాయించడం ఏంది అని గొణిగిన అభిమానులు ఉన్నారు, తర్వాతి జనవరిలో గ్రామీల్లో అదే 'ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్' అయింది. (ఆ ఆల్బమ్ లాంచ్ పెట్టింది ఎక్కడనుకున్నారు, ఆస్ట్రేలియాలో పత్తి పండించే వీ వా అనే చిన్న ఊళ్లో, వ్యవసాయ ప్రదర్శనలో. వాళ్లిద్దరూ మాత్రం రాలేదు. మన పొదిలిలో ఎవరైనా అలా పెడితే ఎంత బాగుంటుందో.)

అంత దూరం కూడా వద్దు. బొంబాయి సినిమా పాటలకు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డ్రమ్ మెషీన్, సింథసైజర్ల మీద డిస్కో బీటుతో వాయించి ఎల్పీ తెచ్చారు. అప్పుడు పెద్దగా ఎవరూ కొనలేదు. 2010లో దాన్ని మళ్లీ విడుదల చేశాక, యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీత శైలి పుట్టకముందే ఈయన ఆ పని ఎలా చేశాడని ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. 2015లో ఆయన చనిపోయారు, ఆ మెచ్చుకోలు వినడానికి కొన్నేళ్లే మిగిలాయి. 1982లో ఎవరైనా మీలాగే బాక్సు కట్టి ఉంటే ఎన్ని స్టార్లు వేసేవాళ్లో.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నైజాం, సీడెడ్, నెల్లూరు అని ఏరియాలవారీగా కలెక్షన్లు చదివి పెరిగిన జనం మనం, మార్నింగ్ షో వదిలేసరికి హిట్టో ఫట్టో తేలిపోవాలి. సినిమాకు ఆ తొందర ఎందుకో అర్థమవుతుంది, డిస్ట్రిబ్యూటర్ డబ్బులు పెట్టాడు కాబట్టి. ఎనిమిదేళ్లు తీసుకుని చేసిన ఆల్బమ్‌కు మన ఊళ్లో ఏ డిస్ట్రిబ్యూటర్ ఉన్నాడని? పైగా ఎక్కువమంది వినేది ఫోన్ స్పీకర్లో. అందులో బేస్, అంటే కింది స్థాయి గంభీర శబ్దం, దాదాపు వినపడదు, ఈ సంగీతానికి సగం ప్రాణం అక్కడే ఉంటుంది. ఇక మీ పేపర్లో ఎలక్ట్రానిక్ సంగీతం అనే మాట కనపడేది నిమజ్జనం రోజు డీజే బాక్సుల మోత వార్తల్లోనే. ఆ వార్తలు రావాల్సిందే, రాత్రి పది దాటాక ఆ బాక్సులు ఆపాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అదొక్కటే ఈ సంగీతం అనుకోవద్దు.

బాలు గారి మీద మీరు ఫుల్ పేజీ వేసినప్పుడు ఏ చరణంలో గొంతు ఎలా తిప్పారో, ఎక్కడ ఊపిరి ఆపారో ఎంత ఇష్టంగా రాశారు! రాయగలిగినవాళ్లు మీ దగ్గరే ఉన్నారని అప్పుడే తెలిసింది. వాళ్లలో ఎవరికైనా ఒక మంచి హెడ్‌ఫోన్, రెండు వారాల టైమ్ ఇవ్వండి. ఆల్బమ్ నచ్చకపోతే నచ్చలేదనే రాయమనండి, మేం కూడా ఒప్పుకోకపోతే ఉత్తరం రాస్తాం, అది వేరే సరదా. రాసినవాళ్ల పేరు కింద వేయండి. విదేశీ స్టార్ల లెక్క మాకు ఫోన్లోనే దొరుకుతుంది, దానికి మీ పేపర్ కొననక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, కావలి